మిద్దె యింటిలో నిప్పు



మా గూడూరు ప్రాంతమున వేసవి ముదిరినదన్న పూరిండ్లవారికి కంటికి కునుకుండదు. తాటాకు కప్పు ఎండకు పెళపెళలాడుచుండును. పొయ్యిలోని రవ్వ నెత్తుకొనిపోయి గాలి యే సూరున పడవేయునో తెలియదు. ఒక యింట నంటుకొన్నది గడియలో వాడ నెల్ల బూడిద చేయును. అట్టి వేళలందు మిద్దె యింటి యజమాని బిందె చేతబట్టుకొని పొరుగువారికై పరుగిడునే గాని తన యింటిని గూర్చి చింతింపడు. "మాది ఇటుక, సున్నము. మమ్ము నిప్పేమి చేయును?" అని యాతని ధైర్యము. ఆ ధైర్యము ఎంతవరకు న్యాయమో, ఎచ్చట నది భ్రమగా మారుచున్నదో నేడు విచారింతము.

నేను ఇంజనీరును గాను. బాల్యమున పండితుల సన్నిధిని కావ్యములును వ్యాకరణమును చదువుకొని, ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు బోధించి విరమించినవాడను. తాపీపనివారిని, వడ్రంగులను అడిగి తెలిసికొన్నదియు, గ్రంథములు చూచి గ్రహించినదియు, ఒకసారి నా కన్నులతో చూచినదియు మీకు మనవి చేయుచున్నాను.

అగ్నిదేవునకు సర్వభక్షకుడని పేరు. భృగుమహర్షి శాపమువలన ఆ పేరు కలిగినదని భారతమున ఆదిపర్వము చెప్పుచున్నది. అయినను ఆ సర్వభక్షకుడును తాను ఒకసారి తిని విడిచినదానిని మరల తినడు. ఇటుక అట్టి వస్తువు. అది బట్టీలో సుమారు 900 మొదలు 1000 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాలి మనకడకు వచ్చినది. ఇల్లు మండునపుడు గదిలో పుట్టు వేడిమియు ఇంచుమించు అంతటిదే. కావున బాగుగ కాలిన ఇటుకకు అది క్రొత్త పరీక్ష కాదు. తొమ్మిదంగుళముల ఇటుకగోడ నాలుగు గంటలపాటు నిప్పును ఆవలికి పోనీక ఆపునని నిర్మాణశాస్త్రజ్ఞుల లెక్క. మన పూర్వుల గోడలు దానికి రెట్టింపు మందము గలవి. సున్నము సంగతియు నట్టిదే. పులికాటు సరస్సు వైపునుండి గుల్ల తెచ్చి, కాల్చి, నీట విరిపించి, ఇసుక చేర్చి గానుగ పట్టి వాడుకొనిరి. అదియు నిప్పులో పుట్టినదే.

రాతి విషయమున మాత్రము తొందరపడి మాట యీయరాదు. రాయి ఇటుకకంటె గట్టిదని లోకము నమ్మకము. బరువు మోయుటకు గట్టిదే, నిప్పునకు గాదు. నల్లరాతి బండలను చీల్చు పనివారు పూర్వము బండపై కట్టెలు పేర్చి కాల్చి దానిని పొరలుగా లేపెడివారు. ఆ రాతిలోని పలుగురాయి 573 డిగ్రీలకడ అకస్మాత్తుగ ఉబ్బును. ఉబ్బి పెచ్చులు లేచును. బండ లేపువానికి అది ఉపాయము, ఇంటివానికి అపాయము. మన ఇండ్లలో కప్పునకు, మెట్లకు వేయు కడపరాయి సున్నపురాతి జాతి. అది వేడెక్కియున్నపుడు చన్నీళ్ళు కుమ్మరించినచో ఫెళ్ళున పగులును. మంటలు రేగిన యింట కడపరాతి మెట్లమీద నమ్మకముతో పాదము మోపరాదని దీనినిబట్టి గ్రహింపనగును.

ఇటుక మహిమను లోకమునకు నేర్పినది లండను నగరము. 1666వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఒక రొట్టెలవాని యింట నంటుకొన్న నిప్పు నాలుగు దినములు మండి, సుమారు 13,200 ఇండ్లను దహించినది. నాటి లండను ఇండ్లలో పెక్కు కొయ్యతో కట్టినవి. మరుసటి యేడు, అనగా 1667లో, ఇకమీదట వెలుపలి గోడలు ఇటుకతోనో రాతితోనో కట్టవలెనని చట్టము చేసిరి. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున మరియొక మెట్టు ముందుకు పోయి, కిటికీల కొయ్యచట్రములు గోడ ముఖమునకు సమముగ నుండరాదు, నాలుగంగుళములు లోనికి జరుగవలెనని శాసించిరి. ప్రక్కయింటి జ్వాల వచ్చి మొదట నాకునది ఆ చట్రమునే గదా! ఇంత సూక్ష్మముగ ఆలోచించిన పిదపను ఆ నగరమున అగ్నిప్రమాదములు ఆగిపోలేదు. ఏలయన చట్టము గోడను మార్చినది గాని గోడల నడుమ నున్నదానిని మార్చలేదు.

ఇక మన మిద్దె యింటి లోనికి పోదము.

నాలుగు గోడలమీద దూలములు వేయుదురు. దూలములపై ఒకటిన్నర యడుగున కొకటి చొప్పున టేకు దంతెలు పరతురు. దంతెలపై పలుచని చిన్న యిటుకలను నిలువుగ, ఏటవాలు వరుసలో, సున్నముతో కూర్తురు. ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చల్లుచు, స్త్రీలు వరుసగ కూర్చుండి కొయ్యచెక్కలతో దినములకొలది కొట్టుదురు. కట్టకడపట బిళ్ళపెంకులు పరచి గచ్చు చేయుదురు. ఇంజనీర్లు దీనికి మద్రాసు టెర్రేసు అని పేరు పెట్టిరి. దాని పనితనము చూడ ముచ్చట గొలుపును. నూరేండ్లు దాటినను చుక్క కారని మిద్దెలను నేనెఱుగుదును.

ఈ కప్పును పైనుండి చూడుడు: అంతయు ఇటుక, సున్నము. వాడలోని తాటాకుల రవ్వలు వచ్చి కుప్పలుగ పడినను చల్లారిపోవును. అదే కప్పును క్రిందినుండి చూడుడు: వరుసలుగ బోడి కొయ్య. తలుపులు, ద్వారబంధములు, అటక, మేడమెట్లు, గాదె, పందిరిమంచము, అన్నియు కొయ్యయే. బయటి నిప్పునకు మిద్దె కవచము. లోపలి నిప్పునకు మిద్దె ఆవము. కుమ్మరి తన కుండలపై మట్టి మెత్తునది వేడిమి బయటికి పోకుండుటకే గదా! దళసరి గోడలు చేయు పనియు నదియే. పూరిల్లు అంటుకొన్నప్పుడు కప్పు ముందు ఎగిరిపోయి వేడిమి ఆకాశమున గలియును. మనుష్యులు ఏ వైపున తడికె నెట్టుకొనియైనను బయటపడుదురు. మిద్దె యింట వేడిమియు పొగయు కప్పు క్రిందనే చేరి, గోడలకు తగిలి మరల గదిలోనికే విసరబడును. పూరింటివాని యిల్లు పోవును, ప్రాణము తరచుగ దక్కును. మిద్దె యింటివాని సంగతి కొన్నివేళల తారుమారగును.

ఈ మాట నేను పుస్తకము చూచి చెప్పుట లేదు. 1986వ సంవత్సరము వేసవిలో, నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, గూడూరునకు తూర్పున ఒక గ్రామమున మా మేనత్తగారి యింట జరిగినది. నడుమ మండువా, నాలుగువైపుల వసారాలు గల పాత మిద్దె యది. రాత్రి దేవునిగదిలో నూనెదీపము వెలుగుచుండ, ఎలుక యొకటి వెలుగుచున్న వత్తిని నోట కఱచుకొని అటక నిచ్చెన ప్రక్కకు పోయినది. అచట ఖాళీ గోనెసంచుల కుప్ప. మేము వీధి యరుగుమీదను, మిద్దెమీదను పరుండియుంటిమి. అత్తయ్య లోపలి గదిలో నుండినది. మేము మేల్కొనునప్పటికి నడవ యంతయు పొగ. వీధివైపునుండి లోనికి పోవ శక్యము గాలేదు. పెరటివైపు పరుగెత్తితిమి. దొడ్డితలుపు కదలలేదు.

తెల్లవారినపిమ్మట చూడగా గోడలు చెక్కు చెదరలేదు. మూడు దంతెలు నల్లబడినవి, ఒక అటక కాలినది, అంతే. అత్తయ్య దొడ్డితలుపునకు మూరెడు దూరమున పడియుండెను. ఆమె యొంటిమీద ఒక్క బొబ్బయు లేదు. పొగయే ప్రాణము తీసినది. ఆ తలుపు మన తలుపులన్నింటివలెనే లోపలికి తెఱచుకొనునది. దానికి అడ్డముగ, ఈ దారి ఎవరికి కావలెనని, వేరుసెనగ బస్తాలు రెండు వరుసలుగ పేర్చియుండిరి. గడియ తీసియే యున్నది. బస్తాలమూలమున తలుపు రాలేదు. నాలుగు దినములకు పూర్వము ఆ బస్తాలను మోసి పేర్చిన చేతులలో నావియు రెండు.

పొగను గూర్చి ఆనాడు మాకెవరును చెప్పలేదు. మంటకంటె ముందు చంపునది పొగయే. గాలి చాలక కాలుచున్న వస్తువునుండి కార్బను మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రించువాడు దానిని పీల్చి మేల్కొనకయే పోవచ్చును. మేల్కొన్నను కాళ్ళు తడబడును. పొగ పైకి చేరును గనుక నేలకు దాపున కొంతసేపు మంచిగాలి మిగులును. అందుచేత వంగి, అవసరమైనచో ప్రాకి, గోడవెంట చేయి తాకించుచు తలుపువైపునకు పోవలెను. నిలువుగ లేచినవాడు విషములో తలపెట్టినవాడే.

మండువా యిల్లు ఈ పట్టున మేలైనది. నడిమి ఆకాశము పొగకు దారి యిచ్చును. మా అత్తయ్య గది మండువాకు ముఖము గలది కాక నడవకు ముఖము గలదగుటచే ఆ మేలు ఆమెకు దక్కలేదు. ఇటీవల పలువురు వానకును, కోతులకును, దొంగలకును జడిసి మండువాపై ప్లాస్టిక్కు రేకులు కప్పుచున్నారు. వెలుతురు వచ్చును గదా యని వారి సంతోషము. వెలుతురు వచ్చును, పొగ పోదు. పైగా నిప్పు తగిలినచో ఆ రేకు కరగి మండుచు బొట్లుబొట్లుగ క్రింద రాలును. కప్పక తప్పనిచో నాలుగువైపుల మూరెడేసి ఎడము వదలి రేకును ఎత్తుగ నిలుపుట మంచిది.

చెన్నపట్టణపు సెంట్రలు స్టేషనునొద్ద మూరు మార్కెట్టు అను ఎఱ్ఱయిటుకల కట్టడ ముండెడిది. గూడూరునుండి రైలెక్కిన చదువరికి అది తీర్థస్థలము. 1898లో పునాది వేసి 1900లో తెఱచిన యా అంగడిలో పాతపుస్తకముల దుకాణములు బారులు తీరియుండెడివి. నా నిఘంటువులలో రెండు అచ్చటివే. 1985వ సంవత్సరము మే 30వ తేదీన అది తగులబడినది. బయటి ఇటుక శతాబ్దులు నిలువదగినది. లోపల కొయ్య, కాగితము, గుడ్డ. వేయినోళ్ళ ఆకలికి ఇంతకంటె విందేమి? తరువాత ఆ స్థలమున రైల్వేవారి కట్టడములు లేచినవి. పాతదాని చిన్న నమూనా యొకటి గుర్తుగ నిలిపినారు. ఆ దారిని పోవునపుడెల్ల నాకు దుకాణములే గుర్తుకు వచ్చును.

అదే నగరమున చేపాక్కమున ఆర్కాటు నవాబు వాలాజా 1768లో కట్టించిన మహలు గలదు. మన నెల్లూరు సీమయు ఆనాడు ఆ నవాబు ఏలుబడిలోనిదే. అందలి కలస మహలు 2012వ సంవత్సరము జనవరిలో కాలినది. అగ్నిమాపక దళమువాడొకడు అందు ప్రాణము కోల్పోయెను, మఱికొందరు గాయపడిరి. పిమ్మట దానిని పాతపద్ధతినే బాగుచేసి న్యాయస్థానమునకు వాడుకకు ఇచ్చిరి. ఇట్టి మహళ్ళలో ఆర్పువారికిని అపాయమెట్లు కలుగునో తెలియవలెనన్న మిద్దె బరువు తెలియవలెను. సున్నపు కప్పు జానెడు మందము, ఒక్కొక్కమారు అంతకు మించియు నుండును. మరమ్మతు వచ్చినపుడెల్ల పాతదానిపై మరియొక పొర వేయుట మనవారి యలవాటు. ఆ బరువంతయు మోయునవి దంతెలు. అవి సగము కాలియున్న వేళ ఆర్పుటకు చల్లిన నీటిని కప్పు పీల్చి మఱింత బరువెక్కును. గోడలు నిలిచియే యుండ కప్పు ఒక్కమారు దిగబడును.

అట్లని కొయ్యను దూషించుట న్యాయము కాదు. లావుపాటి మొద్దును పొయ్యిలో పెట్టి చూడుడు: ఎంతసేపటికిని అంటుకొనదు. పుల్లలు వేసినచో క్షణములో భగ్గుమనును. మొద్దు అంటుకొన్న పిదప దానిపై బొగ్గుపొర ఏర్పడి, అదియే లోపలి కొయ్యకు చలువ కంచుకమగును. మంటలో నున్న కొయ్య నిమిషమునకు అర మిల్లీమీటరు మొదలు ముప్పాతిక మిల్లీమీటరు వరకు లోనికి కాలునని పరీక్షించి కనుగొనిరి. అనగా అరగంటకు ఒక్కొక్క ప్రక్కనుండి రెండు సెంటీమీటర్లు, మన లెక్కను ముప్పాతిక యంగుళము. ఆరంగుళముల టేకు దూలము అరగంట మండిన పిదపను నడుమ నాలుగంగుళముల పైచిలుకు గట్టి చేవతో నిలిచియుండును. రెండంగుళముల బద్దె అదే వ్యవధిలో ఇంచుమించు పోయినట్లే. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దిన నూలుమిల్లులవారు ఈ రహస్యమెఱిగి, చిన్నదంతెలు మాని, దూరదూరముగ మహాదూలములు వేసి, ఇటుకగోడల నడుమ నెమ్మదిగ కాలు మిల్లులను కట్టిరి.

ఇనుము సంగతి వినుడు. కొయ్యకు చెదలు పట్టునని కొందరు దూలములకు మారుగ పాత రైలు కమ్మీలు వేసిరి. ఇనుము మండదు, నిజమే. కాని సుమారు 550 డిగ్రీలకు దాని బలము సగమగును. కొయ్య బొగ్గగుచు బరువు మోయుచునే యుండ, ఇనుము కాలకయే వంగును. అంతేగాక అయిదు మీటర్ల కమ్మీ 500 డిగ్రీల వేడిమికి అంగుళము పైగ సాగి గోడను బయటికి త్రోయును.

మన దంతెల కొనలు గోడలో పాతియుండును. కొన మిగిలి నడుము విరిగినచో ఆ దంతె పలుగువలె గోడను పెల్లగించును. అమెరికా మిల్లులవారు దూలపు కొనను ఏటవాలుగ కోసి గోడలో పెట్టిరి. విరిగినపుడు గోడను కదల్పక జారి పడుటకై. క్రొత్త దంతె వేయించువారు మన వడ్రంగికి ఈ మాట చెప్పిన చాలును, ఖర్చేమియు లేదు. ఉమ్మడిగోడ విషయము ఇంతకంటె ముఖ్యమైనది. అన్నదమ్ముల పంపకమైన ఇండ్లలో ఈ యింటి దంతెయు, ఆ యింటి దంతెయు గోడలో ఒకే బెజ్జమున కొనకు కొన తాకియుండుట తరచుగ చూతుము. అపుడు రెండు మూరల గోడయు వ్యర్థమే. నిప్పు కొయ్యవెంట నడచి ఆవలి యింట లేచును. నడుమ కనీసము ఒక యిటుక నిలిపి సున్నముతో మూసిన ఆ బాధ తొలగును. ఉమ్మడిగోడ కప్పును దాటి మూరెడు ఎత్తు లేచుటయు మేలు. పిట్టగోడ కేవలము బట్టలారవేయుటకని తలపరాదు.

పంపకములు మరియొక కీడును గూడ తెచ్చినవి. ఒక్క యింటిని రెండు చేయునపుడు వీధిగుమ్మము ఒకరికి, దొడ్డిదారి ఒకరికి వచ్చును. గోడ పెట్టిన మరునాటినుండి ఇరువురికిని ఒక్కొక్క దారియే మిగులును. కిటికీలకు ఇనుప ఊచలు. ఇట్టి యింటిని దొంగ చూచి భయపడును గాని నిప్పు భయపడదు. హైదరాబాదున చార్మినారునకు దాపున గుల్జార్ హౌజునొద్ద పాత మేడలో 2025వ సంవత్సరము మే 18వ తేదీన వేకువ దాటిన వేళ నిప్పు పుట్టి 17 మంది మరణించిరి. అందు పసిపిల్లలే ఎనమండుగురు. లోనికి పోవుదారి సొరంగమువలె ఇరుకు; మీదికి పోవు మెట్లు ఒకటే, అవియు ఇరుకే. అంతటి మహానగరమున, అన్ని సాధనములుండియు, దారి చాలకపోయినది.

భారతమున లక్కయింటి కథ మనకెల్లరకు తెలిసినదే. పురోచనుడు వారణావతమున లక్క, నేయి, జనుము, ఎండుకట్టె కూర్చి, పైపైన మెత్తి సింగారించి గట్టియిల్లువలె కనిపించునట్లు చేసెను. పాండవులు బ్రతికినది ఇల్లు మంచిదగుటచేత గాదు; విదురుడు పంపిన ఖనకుడు రెండవ దారి త్రవ్వియుండుటచేత. పిల్లలకు ఈ కథ చెప్పునపుడు నేను కపటమును గూర్చియే ముప్పదేండ్లు చెప్పితిని. ఇప్పుడైన సొరంగమును గూర్చి ఎక్కువ చెప్పుదును.

నేటి పురోచనులు పగవారు కారు. మనము కూలి యిచ్చి పిలిపించుకొన్నవారే. పాతమిద్దె దంతెలు మోటుగ నున్నవని వానిక్రింద ఫాల్సు సీలింగు వేయించుచున్నాము. గోడలకు ప్లైవుడ్డు పలకలు, నడుమ థర్మోకోలు, మంచములపై నురుగు పరుపులు. పలుచని కొయ్య పుల్లవంటిదని ఇంతకుముందే చెప్పితిని. ఆ పలకకు గోడకు నడుమ నున్న ఖాళీ మఱింత చెడ్డది. అందు పుట్టిన నిప్పు కంటికి కనబడక గదినుండి గదికి ప్రాకును. మనకు తెలియునప్పటికి కప్పంతయు పట్టుకొనియుండును. తలుపులకు ఏటేట వార్నీసు మీద వార్నీసు వేయుటయు నిప్పునకు నేయి పోయుటయే.

గూడూరువాడను గనుక ఒక మాట. సైదాపురము, రాపూరు ప్రాంతముల అభ్రకము లోకప్రసిద్ధము. అది 500 డిగ్రీల వేడిమినైనను సహించును, విద్యుత్తును పోనీయదు. పాత ఇస్త్రీపెట్టెలలో తీగను చుట్టినది దానిమీదనే. దీనికి మైకా యని ఆంగ్లనామము. ఈ పేరు చూచి బల్లలకు, గోడలకు అంటించు సన్‌మైకా నిప్పునకు చెడనిదని మా యూరివారును కొందరు నమ్ముదురు. అందు అభ్రకము లేశమును లేదు. అది జిగురులో ముంచి అదిమిన కాగితపు పొర.

విద్యుత్తు వచ్చిన క్రొత్తలో కొయ్యబద్దెలలో తీగలు నడిపిన ఇండ్లు ఇంకను గలవు. ఆ తీగలు ఒకటిరెండు దీపములకును, ఒక ఫానునకును వేసినవి. వానికే నేడు ఏ.సి., నీళ్ళమోటారు, ఇన్వర్టరు, విద్యుత్ బండ్ల చార్జరు తగిలించినచో తీగ వేడెక్కి, పైతొడుగు పెళుసై, ఎండిన బద్దెలో నిప్పు పుట్టును. ఫ్యూజు పోయినపుడెల్ల లావుతీగ చుట్టి మాయచేయువానిని మనము నేర్పరి యందుము. ఆ నేర్పు ఇంటికి చేటు. ఏ.సి. కొనదలచినవాడు ముందుగ తీగలు మార్పించి, మెయిను వద్ద ఎం.సి.బి. పెట్టించుకొనవలెను.

మన పూర్వులకు ఈ విషయమున శ్రద్ధ లేదనుకొనరాదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధికారి ప్రకరణము చదువదగినది. వేసవిలో పగటి నడిమి రెండు భాగములందు ఇంట నిప్పు రాజేయరాదు. వంట బయట చేసికొనవలెను. ప్రతిగృహస్థు నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, కప్పు లాగుటకు కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగ నుంచవలెను, లేనిచో దండన. ఇల్లు అంటుకొనగా పరుగెత్తిపోని గృహయజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా. ఏమరుపాటున నిప్పు పుట్టించినవానికి 54 పణములు. రాత్రివేళ ఇంటి యజమాని తన వాకిలికడనే యుండవలెనని గూడ ఆయన విధించెను. ఆ మాట నేను కాలేజి పండితుని వద్ద చదివినపుడు దొంగలకై యనుకొంటిని.

మనము చేయదగినది చెప్పుదును. ఇంటికి రెండు దారులుండవలెను. రెండవదారి ముందు ఒక్క బస్తాయైన పెట్టరాదు. రాత్రి తలుపునకు తాళము వేయువారు తాళపుచెవిని ఆ తలుపునొద్దనే, చీకటిలో చేతి కందుచోట, తగిలింపవలెను. ముసలివారిని, పసిపిల్లలను దారికి దగ్గరి గదిలో పరుండబెట్టవలెను. కిటికీలలో ఒక్కదానికైన ఊచల చట్రము లోపలినుండి తెఱచుకొనునట్లు కమ్మరిచేత చేయింపవలెను. అటకమీది పనికిరాని సామాను తీసివేయుడు. తాతగారి పంచాంగములను గుడిలో నిచ్చిన పుణ్యము. దేవునిదీపమునకు చుట్టును గాజుబుడ్డియో ఇత్తడి జల్లెడయో పెట్టుటవలన దేవునికేమియు కొఱత కలుగదు.

నిప్పు పుట్టినపుడు ముందు మెయిను ఆపుడు. విద్యుత్తు పారుచున్నచోటను, కాగిన నూనెమీదను నీరు పోయరాదు. నూనె బాణలిపై మూత బోర్లించవలెను. మనుష్యులందరు బయటికి వచ్చిరని నిశ్చయించుకొని, మండుచున్న గది తలుపు మూసివేయుడు. మన పెద్దల టేకుతలుపు మూసియున్నచో కొన్ని నిమిషములైన పొగను, మంటను నిలుపును. తెఱచినచో గాలి పోసినట్లగును. 101గాని 112గాని ఫోను చేసి, ఊరిపేరుతోపాటు బండి ఎంతవరకు రాగలదో గూడ చెప్పుడు. నగలకై, దస్తావేజులకై మరల లోనికి పోరాదు.

మంట ఆరిన పిమ్మట గోడలు నిలిచినవిగదా యని ఆ రాత్రియే లోపల కాపురము పెట్టువారు గలరు. అది కూడదు. గోడలో పాతిన దంతె కొనలు బూడిద క్రింది నిప్పువలె గంటలకొలది రగులుచుండి, తెల్లవారుజామున మరల లేచును. ఒక్కొక్క బెజ్జమునకు నీరు పట్టి, చేయి ఆనించి చూడవలెను. మరునాడు వడ్రంగిని పిలిపించి, ప్రతి దంతెమీది బొగ్గును ఉలితో గీకించి, చేవ ఎంత మిగిలినదో కొలిపింపవలెను. మూడవవంతునకు మించి పోయినదానిని మార్పింపవలెను. ఆ కొలత పూర్తియగువరకు మిద్దెమీదికి ఎవరినిగాని, ముఖ్యముగ చూడవచ్చు బంధువులను, ఎక్కనీయరాదు.